బాగుచేసిన బండి

బాగా నడుస్తున్న బండిని ఆదివారం నాడు బాగుచేసి, సోమవారానికి నడవకుండా చేసిన ఘనులు మనలో ఎందరున్నారో గాని, వారిలో నేనొకణ్ణి. ఆ సంగతి దాచుకోవలసిందే. కాని మన ఇళ్ళలో పాత మోటారు సైకిళ్ళు ఇంకా చాలా ఉన్నవి. తండ్రి వాడిన బండి అని కొందరు, అమ్మితే ఏమీ రాదని కొందరు ఉంచుకున్నారు. వారిలో ఒకరికైనా నేను పడ్డ పాట్లు తప్పుతాయేమోనని వ్రాస్తున్నాను.

మాది మా నాయన 1984లో కొన్న బుల్లెట్ 350. ఈ బండికీ మన దక్షిణాది వారికీ ఉన్న పొత్తు చిన్నది కాదు. ఇంగ్లాండులో రెడ్డిచ్ అనే ఊళ్ళో పుట్టిన యంత్రం ఇది. 1955లో మద్రాసు పక్కన తిరువొత్తియూరులో దీనికి కార్ఖానా పెట్టారు. అక్కడి అసలు కంపెనీ 1970 నాటికి మూతపడినా ఇక్కడిది నిలిచింది. పాత ఇనుప సిలిండరు బుల్లెట్టులో పెద్ద మర్మమేమీ లేదు. ఒక సిలిండరు, రెండు కవాటాలు, ఒక కార్బ్యురేటరు, నిప్పురవ్వను వేళకు పంపే ఒక జత పాయింట్లు, అంతే. ఇంత సులువైన యంత్రం కావడం చేతనే నాబోటి వాడికి దానిమీద చెయ్యి వేయడానికి ధైర్యం కలుగుతుంది. అక్కడే వస్తుంది చిక్కు.

మా అబ్బాయి పాలిటెక్నిక్కులో రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆ ఆదివారం ఇద్దరం కలిసి కూర్చున్నాము. వాడు కార్బ్యురేటరు విప్పి, పెట్రోలుతో కడిగి, తిరిగి బిగించాడు. నేను ఇంజను నూనె మార్చాను, కొత్త ప్లగ్గు వేశాను, గాలి జల్లెడ దులిపాను, పాయింట్లు రుద్ది వాటి సందు సరిచూశాను. ట్యాంకు తుడిచి మెరుగు పెట్టాను కూడా. సాయంకాలం కిక్కు కొట్టాను. మొదటి కిక్కుకు ఏమీ లేదు. రెండోదానికి కిక్కురాడ్డు నా పాదాన్ని వెనక్కి తన్నింది. ఆ దెబ్బ తిన్నవారికి తెలుస్తుంది, పిక్క దాకా జిల్లుమంటుంది. మూడోసారి ఇంజను అందుకుంది గాని, నిలకడ లేదు. గుర్రం దగ్గినట్టు రెండు దెబ్బలు సరిగా కొట్టి మూడోది తప్పుతుంది. సైలెన్సరులో ఫట్‌మని పేలుతుంది. వీధి చివరి మిట్ట ఎక్కేటప్పుడు లోపల గులకరాళ్ళు వేసి ఊపినట్టు టకటకమన్నది.

నేను అన్న మొదటి మాట, "కార్బ్యురేటరు పాడుచేశావురా" అని.

వాడు ఏమీ అనలేదు. సోమవారం సాయంకాలం దాన్ని మళ్ళీ విప్పాడు. మంగళవారం నేను విప్పాను. పక్కనున్న గాలి మరను ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి తిప్పి చూశాను. లోపలి సూదికున్న గొళ్ళెం ఒక గాడి కిందికి మార్చాను. ప్లగ్గు తీసి పాతది వేశాను. ఒక్కొక్క మార్పుకూ బండి రకరకాలుగా దగ్గిందే గాని మానలేదు. బుధవారం ఆఫీసునుంచి వస్తూ ఒక మెకానిక్కు దగ్గర ఆపాను. అతడు ఒక నిమిషం విని, పిస్టను, రింగులు అరిగినవి, సిలిండరు రీబోరు చేయాలి, పదివేలు దాటుతుంది అన్నాడు. అతన్ని తప్పు పట్టను. ఆదివారం మేమేమి చేశామో నేను అతనికి చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు వేసింది. డాక్టరు దగ్గరికి పోయి, నిన్న తిన్నదేమిటో దాచిన రోగి పని అయింది నాది.

ఇంటికి వచ్చి, ఈ బండి అమ్మేద్దామన్నాను. అబ్బాయి అప్పుడూ ఏమీ అనలేదు. అన్నం తినకుండా పడుకున్నాడు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. కోయంబత్తూరు మిల్లులో ముప్ఫై ఏళ్ళకు పైగా ఫిట్టరుగా చేసి దిగిన మనిషి. వరసకు ఏమీ కాకపోయినా అందరం మామ అంటాము. గురువారం సాయంకాలం నేను బండి తోసుకుంటూ వస్తుంటే గుమ్మంలో కూర్చుని చూసి, "ఏమప్పా, తోస్తా ఉండావే" అన్నారు. చెప్పాను. ఆయన బండికేసి చూడనైనా లేదు. "ఆదివారం పొద్దున ఎట్లా నడిచింది?" అన్నారు. "బాగానే నడిచింది మామా" అన్నాను. "రింగులు ఒక పూటలో అరగవప్పా. మీ చెయ్యి ఏమేమి తాకిందో ఒక కాగితం మీద రాసుకోనిరా పో" అన్నారు.

ఇంజను చెడిపోవడంలో రెండు జాతులున్నవి. ఒకటి, కాలంతో మెల్లగా వచ్చేది. రింగులు అరగడం, కవాటాలు కాలడం, చెయిను సాగడం వంటివి. ఇవి నెలల తరబడి ముందే చెబుతాయి: నూనె తగ్గుతుంది, పొగ వస్తుంది, బలం తగ్గుతుంది. రెండోది, చెయ్యి పడ్డ మరుక్షణాన వచ్చేది. అది నూటికి తొంభైపాళ్ళు ఆ చెయ్యి పడ్డచోటనే ఉంటుంది. మొన్నటిదాకా బాగున్న భాగాన్ని అనుమానించడం, నిన్న మనం విప్పిన భాగాన్ని నమ్మడం, రెండూ మనకు సహజం. మన పని మనకు ముద్దు కదా.

కాగితం వ్రాశాను. ఆదివారం చేసినవి ఆరు, తరువాత మూడు రోజులలో చేసినవి నాలుగు. మామ కళ్ళజోడు పెట్టుకుని చదివి, మొదట ఆ నాలుగింటినీ వెనక్కి తీయమన్నారు. సూది గొళ్ళెం పాత గాడిలోకి పోయింది. గాలి మర పూర్తిగా లోపలికి మెల్లగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాము. మొదలుపెట్టడానికి అది మంచి చోటు. కొత్త ప్లగ్గు మళ్ళీ ఎక్కింది, సందు సుమారు అర మిల్లీమీటరు ఉన్నదని చూసిన తరువాతనే. డబ్బాలోనుంచి తీసిన ప్లగ్గు సందు సరిగానే ఉంటుందనుకోవడం పొరపాటు. దారిలో ఎక్కడ కిందపడిందో ఎవరికి తెలుసు?

తీసిన ప్లగ్గును పారవేయకుండా చూడాలి. దాని మూతి లేత ఇటుక రంగులోనో గోధుమ రంగులోనో ఉంటే మంచిది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా గాలి చాలడం లేదు. జల్లెడ కడిగి తడి ఆరకుండా పెట్టినవారికి ఇదే జరుగుతుంది. నూనె జిడ్డుతో తడిగా ఉంటే అప్పుడు రింగుల మాట ఆలోచించవచ్చు. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పెట్రోలు తక్కువై ఇంజను వేడెక్కుతున్నది. దీన్ని అశ్రద్ధ చేస్తే పిస్టను పట్టుకుపోతుంది. మాది అక్కడక్కడ మసి, అక్కడక్కడ తెలుపు. మూడు రోజులు గాలి మరతో ఆడుకున్నవాడి ప్లగ్గు మరెలా ఉంటుంది?

కార్బ్యురేటరును మామ విప్పనివ్వలేదు. ఇంజను నడుస్తుండగా అది సిలిండరుకు అతికే చోట కుంచెతో కొంచెం సబ్బు నీళ్ళు పూయించారు. అక్కడ గాలి పీలుస్తుంటే పరుగు మారుతుంది, అట్టముక్క సరిగా కూర్చోలేదన్నమాట. కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజను మీద పెట్రోలు చల్లేవాడికి నేను దణ్ణం పెట్టి దూరంగా నిలబడతాను. మా బండి పరుగు మారలేదు. తరువాత అడుగు తొట్టిలోని పెట్రోలును గాజు గ్లాసులోకి దింపి చూశారు. ఈ రోజుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. అది తేమను పీల్చుకుంటుంది, వారాల తరబడి నిలిపిన బండిలో నీరు అడుగున చేరవచ్చు. మా గ్లాసులో నీటిబొట్టు లేదు, నలుసు లేదు. "పిల్లగాడు బాగానే కడిగినాడే" అన్నారు మామ. అబ్బాయి పక్కనే నిలబడి ఉన్నాడు. నేను ట్యాంకు మూత కేసి చూశాను.

ఆ మూత సంగతి కూడా చెప్పాలి. మూతలో గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. ట్యాంకుకు మెరుగు పెట్టేవారు ఆ మైనాన్ని దానిలోకి కూరుతారు. అప్పుడు బండి రెండు మూడు మైళ్ళు చక్కగా పోయి, పెట్రోలు దిగక ఆగిపోతుంది. మూత తెరిస్తే ఉస్సుమని మళ్ళీ నడుస్తుంది. మా రోగం అది కాదు, మాది మొదటి గజంనుంచే ఉన్నది. రోగం ఎప్పుడు వస్తుందనేదే సగం జవాబు. నిలబెట్టినప్పుడు మాత్రమే తడబడి, వేగంలో సర్దుకుంటే కార్బ్యురేటరులో సన్న జెట్టునో, గాలి పీల్చే అతుకునో, బిగువైన ట్యాపెట్టునో చూడాలి. సగం వేగంలో తడబడితే సూదిని చూడాలి. పూర్తి వేగంలో చతికిలపడితే పెద్ద జెట్టు, పెట్రోలు కొళాయి. అన్ని వేగాలలోనూ తడబడి, పైగా కిక్కు వెనక్కి తన్నితే అది పెట్రోలు రోగం కాదు. నిప్పు వేళ తప్పింది.

"పాయింట్లు ఎవరు ముట్టినారు?" అన్నారు మామ. నేనే అన్నాను.

ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను. పాయింట్లంటే రెండు చిన్న లోహపు బొడిపెలు. అవి అంటుకొని ఉన్నంతసేపు కాయిలులో కరెంటు పారుతుంది. కుడివైపు గుండ్రని మూత కింద తిరిగే చిన్న కాము వాటిని విడదీసిన క్షణాన ప్లగ్గులో రవ్వ లేస్తుంది. పిస్టను పై కొసకు ఇంకా సుమారు 0.8 మిల్లీమీటరు దూరంలో ఉండగా ఈ బండికి ఆ క్షణం రావాలి. వేగం పెరిగినకొద్దీ లోపలి చిన్న గుండ్లు విచ్చుకుని రవ్వను ఇంకా ముందుకు జరుపుతాయి. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి నడుమ సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటరు ఉండాలి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు అన్నమాటను దయచేసి రెండుసార్లు చదవండి. నేను చదవలేదు.

కాము ఎత్తు మీద మడమ ఉన్నప్పుడు కొలవవలసిన సందును, పాయింట్లు సగమే విడివడిన చోట కొలిచి, ఫీలరు గేజి 0.40 పట్టేదాకా జరిపి బిగించాను. కాము పూర్తిగా తిరిగేసరికి సందు ఇంచుమించు రెండింతలైంది. ఇందులో రెండు కీడులున్నవి. సందు పెరిగితే పాయింట్లు ముందుగానే విడిపోతాయి. అంటే రవ్వ వేళకు ముందే లేస్తుంది. పిస్టను ఇంకా పైకి పోతుండగానే మంట దాన్ని కిందికి నెడుతుంది. ఆ నెట్టుడే కిక్కురాడ్డు ద్వారా నా పాదానికి తగిలింది, మిట్ట ఎక్కేటప్పుడు గులకరాళ్ళై మోగింది. రెండోది, పాయింట్లు అంటుకొని ఉండే సమయం తగ్గిపోయి కాయిలుకు కరెంటు చాలక, రవ్వ బలహీనపడుతుంది. అందుకే మూడో దెబ్బ తప్పడం. అలా మండకుండా పోయిన పెట్రోలు ఆవిరి సైలెన్సరులో మండితే ఫట్‌మనడం. ఇదంతా అర మిల్లీమీటరైనా లేని తేడాకు!

మామ ప్లగ్గు తీయించి, బండిని నడిమి స్టాండు మీద నిలిపి, టాపు గేరు వేసి, వెనుక చక్రాన్ని ముందుకు మెల్లగా తిప్పమని అబ్బాయితో అన్నారు. కాము ఎత్తు వచ్చిన చోట ఆపి, సందు కొలిచి, మర బిగించి, మళ్ళీ కొలిచారు. బిగించేటప్పుడు అది కొంచెం జరుగుతుంది గనుక రెండోసారి కొలవక తప్పదు. నేను ఎమరీ కాగితంతో రుద్ది వదిలిన గరుకు పొడిని చూసి నాలుక చప్పరించి, శుభ్రమైన దళసరి కాగితం ముక్క పాయింట్ల నడుమ పెట్టి రెండుసార్లు లాగారు. కాగితం మీద నల్లని జిడ్డు గీత పడింది. ఆ జిడ్డు చాలు, రవ్వను తడబెట్టడానికి.

తరువాత ఆయన చేసిన పని నాకు కొత్త. తాళం చెవి తిప్పి, హెడ్‌లైటు పైనున్న ఆమ్‌మీటరు ముల్లును చూడమన్నారు. పాయింట్లు అంటుకొని ఉంటే కరెంటు కాయిలుకు పోతుంది గనుక ముల్లు ఎడమకు వాలుతుంది. విడివడిన క్షణాన నడిమికి వస్తుంది. అబ్బాయి చక్రం వెంట్రుకవాసిగా తిప్పుతున్నాడు, నేను ముల్లు చూస్తున్నాను, మామ ప్లగ్గు రంధ్రంలో సైకిలు స్పోకు పెట్టి పిస్టను ఎక్కడుందో వేలితో తెలుసుకుంటున్నారు. ఆ రంధ్రం ఏటవాలుగా ఉంటుంది గనుక స్పోకు లెక్క అచ్చంగా ఉండదు. చేతివాటం ఉన్నవాడికే అది పనికివస్తుంది. ముల్లు నడిమికి వచ్చింది, నేను "వచ్చింది" అన్నాను. పిస్టను పై కొసకు చేరబోతున్నది. పాయింట్ల పళ్ళెం అంచున పాత గీత ఒకటి ఉన్నది. "ఇది ఎవరి గీత?" అన్నారు. మా నాయనది. టైమింగు సరిగా కుదిరిన రోజున ఆయన సూదితో గీసి ఉంచుకున్నారు. పళ్ళెం ఆ గీత మీదనే ఉన్నది. నేను దాన్ని జరపలేదు గనుక, సందు సరికాగానే వేళ తనంతట తానే సరికి వచ్చింది.

ఒక కిక్కు. బండి అందుకుని, పాత నెమ్మది దెబ్బతో నిలిచింది.

ట్యాపెట్లు మేము ముట్టుకోలేదు గాని, ముట్టుకునేవారికి ఒక మాట. ఈ పాత బుల్లెట్టుకు ఇంజను చల్లగా ఉన్నప్పుడే అవి సరిచేయాలి. రాడ్డు వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. పిస్టను పై కొసకు రెండుసార్లు వస్తుంది, ఒకసారి గాలిని అదిమి, ఒకసారి పొగను తరిమి. అదిమిన వేళనే సరిచూడాలి, అప్పుడే రెండు కవాటాలూ మూసి ఉంటాయి. రెండో వేళ చూసినవారికి కవాటాలు కొంచెం తెరుచుకుని ఉండి, కొలత అంతా తప్పుతుంది. బిగువుగా ఉంచినవారికి కవాటం పూర్తిగా మూయక బలం పోతుంది. కొంతకాలానికి కవాటమే కాలుతుంది. కొంచెం చప్పుడుకు భయపడి బిగించేవారున్నారు. చప్పుడు చేసే ట్యాపెట్టు కన్నా చప్పుడు చేయని ట్యాపెట్టునే అనుమానించాలని మామ మాట.

మైసూరు వైపు ఉన్న మన వారి ఇళ్ళలో జావా, ఎజ్డీ బండ్లు ఇంకా కనిపిస్తవి. 1961లో తెరిచిన ఆ మైసూరు కార్ఖానా 1996లో మూతపడింది. వాటికి కవాటాలే లేవు గనుక ట్యాపెట్ల గొడవ లేదు. పాయింట్ల గొడవ మాత్రం ఉన్నది. పెట్రోలులో కలిపే నూనె పాలు, సైలెన్సరులో పట్టే మసి, ఈ రెండూ వాటికి అదనం. కొత్త బుల్లెట్లలో పాయింట్లు లేవు. 2020 నుంచి కార్బ్యురేటరు కూడా పోయి, పెట్రోలును యంత్రమే లెక్కచూసి చిమ్ముతున్నది. వాటి జోలికి పోయే పని నాబోటివాడికి లేదు.

మా కోయంబత్తూరులో ఈ విద్య అనగానే జి. డి. నాయుడుగారిని తలవకుండా ఉండలేము. 1893లో ఇక్కడికి దగ్గర కలంగల్ గ్రామంలో పుట్టిన తెలుగువారు. పడుచుతనంలో ఒక దొర మోటారు సైకిలు చూసి మోజుపడి, హోటలులో పని చేసి డబ్బు కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొన్నది ఎక్కి తిరగడానికి కాదు, పూర్తిగా ఊడదీసి మళ్ళీ కూర్చడానికి. 1920లో ఒక బస్సుతో పొల్లాచి, పళని మధ్య మొదలుపెట్టి, పెద్ద రవాణా సంస్థను నిలిపారు. 1974లో పోయేదాకా యంత్రాలతోనే ఉన్నారు. ఆ కథ చెప్పి మనవాళ్ళు పిల్లలను విప్పమని ఉత్సాహపరుస్తారు. మా ఇంట్లో నేనూ చెప్పాను. విప్పిన పిల్లవాడిని మూడు రోజులు దోషిగా నిలబెట్టినవాణ్ణి కూడా నేనే.

శుక్రవారం సాయంకాలం వాడితో ఆ మాట అన్నాను. "తప్పు నాదిరా, పాయింట్లు నేను చెడగొట్టాను. నీ కార్బ్యురేటరులో లోపం లేదు" అన్నాను. వాడు, "నాకు సోమవారమే అనుమానం వచ్చింది నాయనా" అన్నాడు. మరి చెప్పలేదేమిరా అంటే, "మీరు కోపంగా ఉన్నారు" అన్నాడు. నాకు పదివేలు మిగిలిన సంతోషం ఆ మాటతో సగం పోయింది. చెప్పగలిగిన పిల్లవాడి నోరు మూసింది నేను. నాలుగు రోజులు బండి తోసిందీ నేనే.

ఇప్పుడు సీటు కింద పనిముట్ల సంచిలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంటున్నది. మొదటి పుట వాడు వ్రాశాడు: తేదీ, ఆదివారం చేసిన పనులు, ఎదురుగా ఎవరు చేశారన్నది. ఒక్కసారికి ఒక్కటే మార్చి, ఒక ఫర్లాంగు నడిపి చూసి, అప్పుడే రెండోదాని జోలికి పోవాలని వాడి నిబంధన. ప్లగ్గు తీసి రవ్వ చూసేటప్పుడు దాన్ని సిలిండరు రంధ్రానికి దూరంగా ఆనించాలని, మూసిన గదిలో ఇంజను నడపరాదని, ఆ పొగ ప్రాణాలు తీస్తుందని కూడా కింద వ్రాసుకున్నాడు. పాయింట్లు అన్న వరుసకు ఎదురుగా "నాయన" అని ఉన్నది. కొట్టివేయమని నేను అడగలేదు.

సైలెన్సరు అతుకు దగ్గర ఇంకా కొంచెం పొగ కారుతున్నది. వచ్చే ఆదివారం దాని పని చూడాలి. మామ కూడా వస్తానన్నారు.